వానలు వెనకపట్టే వేళ గోడవార పూలమడి

వినాయక చవితి దాటి దసరా వచ్చేలోగా మన ఇళ్ళ ప్రహరీ గోడల వెంట ఉండే పూలమడి ఏడాది మొత్తంలోకీ అధ్వానంగా కనిపిస్తుంది. మూడు నెలల వానకి ఏపుగా పెరిగిన మందారం దారిమీదికి వాలి ఉంటుంది. మెట్ట తామర ఆకులు చీలికలై వేలాడుతుంటాయి. గులాబీకి నల్లమచ్చ సోకి కింది ఆకులన్నీ రాలిపోతాయి, గోడ పునాది మీద నాచు పేరుకుంటుంది, ఏదో ఒక మూల మాత్రం ఎన్నిసార్లు నాటినా ఏదీ బతకక బోసిగా మిగిలిపోతుంది. పండగ ముందు ఇల్లు సర్దుకునే ఊపులో చాలామంది ఒక మనిషిని పిలిచి అదంతా కొట్టించి, చదును చేయించి, నర్సరీకి వెళ్ళి ఆ రోజు పూసి ఉన్నవి నాలుగు తెచ్చి పెట్టేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, సంక్రాంతి దాకా. ఆ తర్వాత మళ్ళీ అదే మూల బోసిపోతుంది, అదే మొక్క పసుపురంగుకి తిరుగుతుంది. మడి అధ్వానంగా కనిపించే ఈ నాలుగైదు వారాలే దాన్ని పరిశీలించడానికి అన్నిటికంటే మంచి కాలమని నా వాదన. ఎండ ఎక్కడ పడుతోంది, నీరు ఎక్కడ నిలుస్తోంది, ఏ మొక్క దేన్ని తొక్కేస్తోంది అన్న మూడు విషయాలూ ఒకేసారి కంటికి కనిపించేది ఇప్పుడే. వాటిని చూసి రాసుకోకుండా పీకించేస్తే, ఏడాది పాటు నేల చెప్పిన సాక్ష్యమంతా చెత్తబండి ఎక్కిపోతుంది.

నర్సరీలో పూసి ఉన్న మొక్కని చూసి నిర్ణయం తీసుకోవడంలో ఇబ్బంది ఏమిటంటే, ఆ పువ్వు మన ఇంటి గురించి ఏమీ చెప్పదు. అది నర్సరీ గురించి చెబుతుంది. పచ్చటి నీడవల కింద, రోజూ తడి అందుతూ, వారానికో పదిరోజులకో ఎరువు పడుతూ పెరిగిన మొక్క అది. తెలుగు రాష్ట్రాల నర్సరీల్లో దొరికే మొక్కల్లో చాలా భాగం గోదావరి పక్కనున్న కడియం ప్రాంతం నుంచి వస్తాయి. అక్కడి ఒండ్రు నేల, అందుబాటులో ఉన్న నీళ్ళు, గాలిలోని తేమ ఆ మొక్కలకి పుట్టింటి సుఖం. జిగురు మట్టి ముద్దతో వచ్చిన ఆ మొక్కని హైదరాబాదు శివార్లలో ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర చల్కలో పెడితే, చుట్టూ నేల తడిసినా వేరు చుట్టూ ఉన్న ముద్ద ఎండి రాయిలా బిగుసుకుపోతుంది. మొక్క చచ్చిపోతే నర్సరీవాడు మోసం చేశాడనుకుంటాం. చాలాసార్లు అతని తప్పేమీ ఉండదు. తెచ్చిన చోటికీ పెట్టిన చోటికీ ఉన్న తేడాని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడమే అసలు కారణం.

ఆ లెక్కలో మొదటిది ఎండ. మన దగ్గర ఎండకేం కొరత అనుకోవడం వల్లే గోడవార మడుల్లో సగం దెబ్బతింటున్నాయి. తెలుగు నేల కర్కటరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తిమీదికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో జరుగుతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అంటే జూన్‌లో ఇంటికి ఉత్తరం వైపున్న మడి కూడా ఎండలోనే ఉంటుంది. తొలకరికి అక్కడ గులాబీయో బంతో పెట్టినవాళ్ళు అది హుషారుగా లేవడం చూసి చోటు బాగా కుదిరిందని అనుకుంటారు. ఆగస్టు దాటాక సూర్యుడు దక్షిణానికి జరగడం మొదలవుతుంది. సెప్టెంబరు 23 మధ్యాహ్నం ఆరడుగుల గోడ నీడ ఉత్తరానికి రెండడుగుల లోపే పడుతుంది. డిసెంబరు నెలాఖరుకి అదే గోడ నీడ అయిదడుగులు దాటుతుంది. ఇరవై అడుగుల ఎత్తున్న మేడ అయితే పదిహేడు అడుగుల మేర మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పడనివ్వదు. కాబట్టి దక్షిణపు ప్రహరీ లోపలి వైపున్న మడికీ, ఇంటి ఉత్తరపు గోడవార మడికీ చలికాలమంతా నీడే గతి. ఇది తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. సెప్టెంబరు 23కి అటూ ఇటూగా ఎండ ఉన్న ఒక రోజు మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో గోడ నీడ ఎక్కడిదాకా పడిందో సుద్దతో గీసి, ఆ కొలతని రెండు ముప్పాతికతో హెచ్చవేస్తే డిసెంబరు నీడ హద్దు దాదాపుగా తెలిసిపోతుంది. కోస్తాలోనూ ఉత్తర తెలంగాణలోనూ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ నిర్ణయం మారేంత కాదు. ఆ గీత లోపల పడిన చోట బంతి, చామంతి, గులాబీ పెట్టడం డబ్బు దండగ. నందివర్ధనం అక్కడ బతుకుతుంది, ఉదయం కాస్త ఎండ తగిలితే కనకాంబరం పూస్తుంది, తమలపాకు తీగకి ఆ చల్లదనం, ఆ తడి సరిగ్గా కావలసినవే. నీడ ఉన్న చోటు చెడ్డ చోటు కాదు. దానికి తగని మొక్కతో దాన్ని ఏటేటా ఓడిస్తున్నది మనమే.

పడమటి గోడ సంగతి వేరు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కాగిన సిమెంటు గోడ చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. అక్కడ అక్టోబరులో హాయిగా కనిపించిన లేత మొక్క ఏప్రిల్లో మాడిపోతుంది. అలాంటి చోట కాగితంపూలు, గన్నేరు వంటివే దీర్ఘకాలం నిలుస్తాయి.

రెండోది నేల, నీరు. ఈ విషయంలో వానాకాలం మనకోసం చేసిపెట్టిన పరీక్షని ఇంకెవరూ చేయలేరు. నెల రోజుల ముసురులో నీళ్ళు నిలిచిన చోట నేల మీద పొరలు కట్టిన బురద, ఆకుపచ్చటి నాచు ఇంకా కనిపిస్తుంటాయి. అవి ఆరిపోయి మాయమయ్యేలోపు గుర్తు పెట్టుకోవాలి. దానికి పూర్తి విరుద్ధంగా, సన్‌షేడు కిందనున్న రెండడుగుల పట్టీ వానాకాలంలో కూడా పొడిగానే ఉండిపోతుంది, ఆ వరసలోని మొక్కలు జూలైలోనే వాడిపోవడానికి కారణం అదే. అనుమానంగా ఉన్న చోట అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపి, ఇంకాక మళ్ళీ నింపి చూస్తే సరి. మర్నాటి ఉదయానికీ నీళ్ళు అలాగే ఉంటే అక్కడ గులాబీకీ మల్లెకీ వేరు కుళ్ళు తప్పదు. నల్లరేగడి నేలల్లో ఇది మరీ ఎక్కువ కాబట్టి అక్కడ మడిని అడుగు ఎత్తున గట్టులా పోసుకోవడం మేలు. కొత్త ఇళ్ళలో ఇంకో బాధ ఉంది. కట్టుబడి అయిపోయాక మిగిలిన సున్నం, సిమెంటు, ఇటుక ముక్కలు, కంకర అన్నీ ప్రహరీ వెంటే పూడ్చి పైన ఒక జానెడు ఎర్రమట్టి పరిచేస్తారు. ఆ సున్నం వల్ల నేలలో క్షారగుణం పెరిగి, ఇనుము ఉన్నా వేళ్ళు దాన్ని తీసుకోలేవు. నూరువరహాలు దీన్ని అన్నిటికంటే ముందు బయటపెడుతుంది: దాని లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలుస్తాయి. అదే ముదురు ఆకులు, కింది ఆకులు పసుపుబారితే వానలకి నత్రజని కొట్టుకుపోయిందని అర్థం, దానికి మాగిన పశువుల ఎరువో వానపాముల ఎరువో చాలు. ఈ రెండు పసుపుల తేడా చూడకుండా దేనికైనా ఒకే ఎరువు గుప్పించడం మామూలైపోయింది. లేత ఆకు పసుపుబారిన చోట ఎరువు ఎంత వేసినా లాభం లేదు. రెండడుగుల లోతు తవ్వి ఆ శిథిలాలు తీయించి మంచి మట్టి నింపాలి, లేదా క్షారాన్ని ఓర్చుకునే మొక్కకి మారిపోవాలి.

మూడోది చాలామంది అసలు ఊహించనిది: రాత్రి చీకటి. చామంతి పూయాలంటే పొడవాటి రాత్రులు కావాలి. పగలు తగ్గి రాత్రి పెరుగుతున్న కొద్దీ అది మొగ్గ తొడుగుతుంది. మొక్కలు ఇలా పగటి పొడవును బట్టి పూతకి వస్తాయని అమెరికా వ్యవసాయ శాఖకి చెందిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో పొగాకు మీద, సోయా మీద చేసిన ప్రయోగాలతో చూపించారు. ఆ తర్వాతి పరిశోధనల్లో, ఇలాంటి మొక్కలు నిజానికి లెక్కపెట్టేది ఆగకుండా సాగే చీకటినే అని తేలింది. నడిరాత్రి కాసేపు దీపం వెలిగించినా ఆ లెక్క చెడుతుంది. చామంతి పండించే పెద్ద రైతులు పూతని మార్కెట్టు రోజులకి జరుపుకోవడానికి రాత్రిళ్ళు పొలంలో బల్బులు వేలాడదీసేది ఇందుకే. ఇప్పుడు మన ఇళ్ళ గేటు పక్కన చూడండి. వీధిదీపం నేరుగా పడే చోట, తెల్లవార్లూ వెలిగే గేటు బల్బు కింద పెట్టిన చామంతి ఆకులతో నిగనిగలాడుతూ ఉంటుంది గానీ మొగ్గ వేయదు, వేసినా ఆలస్యంగా వేస్తుంది. క్రిస్మస్ నాటికి పై ఆకులు ఎర్రబడాల్సిన పాయిన్‌సెట్టియాకీ ఇదే గతి. మొక్కలో లోపమేమీ లేదు. దాన్ని నాలుగు గజాలు పక్కకి, దీపం వెలుగు పడని చోటికి జరిపితే సరిపోతుంది. బంతి ఇంత పట్టింపు లేనిది కాబట్టి గేటు దగ్గరి చోటు దానికివ్వచ్చు. ఈ నెలలో ఒక రాత్రి బయటికి వచ్చి మడిలో ఎంత మేర వెలుగు పడుతోందో చూసుకోవడం, మధ్యాహ్నం నీడ గీసుకున్నంత ముఖ్యమైన పని.

ఇంత చూశాక మడిలో ఉన్నవాటిలో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది తేలికవుతుంది. నీటి అవసరాలు పొసగని మొక్కలు పక్కపక్కన ఉంటే రెంటిలో ఒకటి నష్టపోక తప్పదు. మెట్ట తామరకి ఎప్పుడూ తడి కావాలి. కాగితంపూలకి కాస్త దాహం తగిలితేనే పూత, నీళ్ళెక్కువైతే ఆకులూ ముళ్ళూ పెరుగుతాయి. ఈ రెంటినీ ఒకే గొట్టంతో తడిపే ఇళ్ళలో కాగితంపూలు ఎందుకు పూయవో వేరే చెప్పక్కర్లేదు. ఎండిన మొక్కని పీకినప్పుడు పారేసేముందు దాని వేళ్ళు ఒకసారి కడిగి చూడాలి. వేళ్ళ మీద బుడిపెలు కనిపిస్తే నేలలో నులిపురుగు చేరిందని తెలుస్తుంది. ఆ చోట ఒక సీజను పాటు బంతిని ఒత్తుగా వేసి వదిలేయడం మంచిది, బంతి వేళ్ళలోని పదార్థాలు నులిపురుగుని అణిచిపెడతాయి. మందారాన్ని ఇప్పుడే కొంత తగ్గించి గాలి ఆడేలా చేయడం కూడా అవసరం, ఎందుకంటే వానలు ఆగి పొడి వాతావరణం రాగానే పిండినల్లి విజృంభిస్తుంది, కొమ్మలు కిక్కిరిసి ఉంటే అది ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి సులువుగా పాకిపోతుంది. అయితే కత్తెర చేతిలో ఉందని అన్నిటినీ నరకకూడదు. పారిజాతం ఇప్పుడే పూతలో ఉంటుంది, దాని కొమ్మ కొట్టడమంటే ఈ ఏటి పువ్వుని కొట్టేయడమే.

మొక్కలు నాటడానికి తొలకరే సరైన కాలమని పెద్దలంతా చెబుతుంటే, ఇప్పుడు ఈ పరిశీలనలూ ప్రణాళికలూ దేనికని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. బోరు ఎండిపోయే ఊళ్ళో, వేసవిలో ట్యాంకరు కొనుక్కునే కాలనీలో చెట్లూ పెద్ద పొదలూ జూన్, జూలైలోనే నాటాలి. అప్పుడు నాటినదానికి మరుసటి ఏప్రిల్ దాకా పది నెలల వ్యవధి దొరుకుతుంది, అక్టోబరులో నాటినదానికి ఆరు నెలలే. కానీ నిర్ణయించే కాలమూ నాటే కాలమూ ఒకటే కావాలన్న నియమం ఎక్కడా లేదు. జూన్‌లో మడి ఖాళీగా, ఎండిపోయి, అన్ని మూలలూ ఒకేలా కనిపిస్తుంది. అప్పుడు తీసుకునే నిర్ణయానికి ఆధారం ఉండదు. ఈ సెప్టెంబరులో గీసుకున్న కాగితం ఉంటే వచ్చే జూన్‌లో పెద్ద మొక్కల చోటు ముందే తెలిసి ఉంటుంది. ఆలోపు ఆ చోటుని ఖాళీగా వదలకుండా చలికాలపు పూలతో నింపుకోవచ్చు. పైగా నెల్లూరు, తిరుపతి వైపు వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఆ జిల్లాలవారికి తొలకరి నియమాన్ని యథాతథంగా వర్తింపజేయడమే పొరపాటు, వారికి నాటే కాలం ముందుంది.

పండగలు దగ్గరపడుతుంటే ఇంటి ముందు పువ్వు కావాలి గానీ ఈ కొలతలు ఎవరిక్కావాలనే మాటలోనూ నిజం ఉంది. పువ్వు లేని దసరా మన ఇళ్ళకి దసరా కాదు. అందుకే మడి ముందంచున ఒక అడుగు వెడల్పుని పూర్తిగా సీజను పూలకి వదిలేసి, వెనక భాగాన్ని మాత్రమే ఏళ్ళ తరబడి ఉండే మొక్కలకి ఉంచమంటాను. ఆ ముందంచుకి కావలసింది వెనక్కి లెక్కపెట్టే అలవాటు. బంతి గింజ వేసిన దగ్గర్నుంచి పువ్వు విప్పడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. దసరాకి పువ్వు కావాలంటే గింజ శ్రావణంలోనే పడి ఉండాలి, ఇప్పుడు ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఈసారికి నర్సరీ మొక్కే దిక్కు, అందులో తప్పేమీ లేదు. కానీ సంక్రాంతి గొబ్బెమ్మల మీద పెట్టడానికి ఇంటి బంతిపువ్వు కావాలంటే గడువు ఇంకా ఉంది. నవంబరు మొదటి వారానికల్లా గింజ నేలలో ఉంటే చాలు.

ఇలా గోడవారగా వరసలు తీర్చి పూలు పెంచడం, శరత్తు ముందు దాన్ని సమీక్షించడం ఇంగ్లీషువాళ్ళ అలవాటే కదా అనేవాళ్ళూ ఉన్నారు. బోర్డర్ అన్న పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చినవారిలో గెర్ట్రూడ్ జెకిల్ ముఖ్యురాలు. ఇంగ్లండులోని సర్రేలో మన్‌స్టెడ్ వుడ్ అనే తన ఇంట్లో సుమారు 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు మడిని ఆమె రంగుల క్రమంలో తీర్చిదిద్దారు, 1908లో తోట రంగుల మీద ఒక పుస్తకం రాశారు. ఆ మడి ప్రధానంగా జూలై నుంచి అక్టోబరు దాకా పూయడానికి ఉద్దేశించింది, ఆ తర్వాత మంచు పడి అంతా అణగిపోతుంది. అక్కడ శరత్తు తోట మూసుకునే కాలం, మనకది తెరుచుకునే కాలం. అందుకే ఇంగ్లండులోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు ఈ రోజుల్లో కరివేపాకు కుండీనీ మల్లె కుండీనీ మంచు పడకముందే లోపలికి చేరుస్తుంటే, ఇక్కడ మనం కొత్త నారు పోసుకుంటాం. కాబట్టి ఆ దేశపు పుస్తకాల్లోని అక్టోబరు పనుల పట్టీని మనం పాటిస్తే నష్టమే. జెకిల్ దగ్గర్నుంచి తీసుకోదగ్గది వేరే ఉంది: మొక్క ఎదిగాక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అవుతుందో, ఏ నెలలో పూస్తుందో ముందే కాగితం మీద గీసుకుని నాటడం. అది ఏ వాతావరణంలోనైనా పనికొస్తుంది. పూర్తిగా ఎదిగిన మందారం అయిదారు అడుగుల వెడల్పు తీసుకుంటుందని తెలిసినవాళ్ళు మూడడుగుల మడిలో రెండేసి అడుగుల దూరాన నాలుగు మందారాలు నాటరు.

విశాఖ, శ్రీకాకుళం వైపువారికి ఇంకో మాట చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఆ తీరాన్ని తాకాయి. అక్టోబరు, నవంబరు అక్కడ గాలి నెలలు. ఎత్తైన, కొమ్మ పెళుసైన మొక్కల్ని ఇప్పుడే కొత్తగా పెట్టకుండా, ఉన్నవాటి బరువు తగ్గించి కర్ర ఊతం ఇచ్చి, నాటడం డిసెంబరు మొదట్లోకి జరుపుకోవడం మంచిది. అక్కడి మడిలో చలికాలపు పూలు ఒక నెల ఆలస్యమైనా ఫర్వాలేదు.

మిగిలిన చోట్ల పని క్రమం కష్టమైనదేమీ కాదు. వాన నిజంగా ఆగిందని తేలాక, అక్టోబరు మధ్యలో గులాబీని కత్తిరించి మాగిన ఎరువు వేస్తే నెలన్నర నుంచి రెండు నెలల్లో మంచి పూత వస్తుంది. అంతకంటే ముందు కత్తిరిస్తే చివరి వానలకి కోసిన కొమ్మ పైనుంచి ఎండుతూ వస్తుంది. మల్లెని మాత్రం ఇప్పుడు ముట్టుకోకుండా నవంబరు నెలాఖరు దాకా ఆగాలి, నీళ్ళు తగ్గించి ఆకు రాలనిచ్చి అప్పుడు కత్తిరిస్తేనే ఎండాకాలంలో పువ్వు. రాలిన ఆకుల్ని కాల్చకుండా మడి మీదే పరిస్తే తడి నిలుస్తుంది, అయితే చెదలున్న ఎర్రనేలల్లో మొక్క మొదలుకి జానెడు దూరం వదిలిపెట్టి పరచాలి.

గోడవారలో ఎండ బాగా పడుతూ, నీళ్ళు అందించడం కష్టమైన చోటు ఒకటైనా ప్రతి ఇంట్లో ఉంటుంది. దాన్ని ఏటేటా ఖరీదైన మొక్కలతో గెలవాలని చూసే బదులు తంగేడుకి ఇవ్వమని నా సలహా. బతుకమ్మ పేర్చే ఈ రోజుల్లో ఏ నర్సరీ పోషణా లేకుండా రోడ్ల పక్కన, గుట్టల మీద విరగబూసేది తంగేడూ గునుగే. పైరుకి గునుగు కలుపు మొక్క, కానీ ఇంటి మడిలో గింజ చల్లితే వానాకాలం చివర వెండి కుచ్చుల్లా నిలబడుతుంది. తంగేడు వేరు లోతుకి దిగే రకం కాబట్టి ఎక్కడో పెరిగిన మొక్కని పెకలించి తెస్తే బతకడం కష్టం, గింజతో పెంచుకోవడమే దారి. ఈ పూత కాయలై ఎండాక గింజలు ఏరి కాగితం పొట్లంలో దాచి, గింజ పైపొర గట్టిది కనుక ఇసుకతో కాస్త రుద్ది ఒక రాత్రి నానబెట్టి, తొలి వానలు పడగానే ఆ చోట మూడేసి గింజలు పెట్టాలి. మొలిచినవాటిలో బలమైనది ఒక్కటి ఉంచి మిగతావి తీసేస్తే చాలు. ఆ చోటు మాత్రం ఈ చలికాలం ఖాళీగానే ఉండనివ్వండి.